బెంచీకి రంగంటుతుంది

పోయిన శీతాకాలంలో ఒక ఆదివారం. బరంపురంలో మా జెరాక్సు షాపు షట్టరు సగానికి దించేసి లోపల అయిదుగురం ఆడుతున్నాం. కౌంటరు మీద మ్యాపు, లామినేషన్ మెషీను మీద డైసు, స్టూలు మీద మిర్చి బజ్జీల పొట్లం. ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. 1974లో అమెరికాలో పుట్టిన ఆట. ఒకడు కథ నడుపుతాడు, వాణ్ణి డీఎం అంటారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తయారుచేసుకుని ఆ కథలో తిరుగుతారు. తలపెట్టిన పని అవుతుందో లేదో పాచికలు తేలుస్తాయి. మా గుంపుకి డీఎంని నేను. అంటే రాజూ నేనే, రాక్షసుడూ నేనే, సత్రం నడిపే ముసలమ్మా నేనే. ఊరి జనం మొత్తం నా నోటితోనే మాట్లాడాలి.

ఆ రోజు మా బావ కొత్త పాత్రతో వచ్చాడు, పాతది అంతకుముందు వారం చచ్చిపోయింది కాబట్టి. డ్రాగన్‌బార్న్. ఆరడుగుల పైచిలుకు ఎత్తు, ఒళ్ళంతా ఎర్ర పొలుసులు, తొండ మొహం, కోపమొస్తే నోట్లోంచి నిప్పు. వీడు ఒక చిన్న ఊరి సంతలోకి నడిచొచ్చాడు. నేను గొంతు పెంచాను. "నిన్ను చూడగానే సంతంతా కకావికలైపోయింది. ఆడవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని పరుగులు. తలుపులు ధడేలు ధడేలుమని మూసుకున్నాయి. ఎవడో రాయి విసిరాడు."

మా గుంపులో గుణుపురం వైపు కుర్రాడు ఒకడున్నాడు. సవర గిరిజనుడు, ఇక్కడ ఒక ల్యాబులో టెక్నీషియన్. పెద్దగా మాట్లాడడు. పెన్సిలు కింద పెట్టాడు.

"అన్నయ్యా, సంత రోజు కదా. తెచ్చిన వంకాయలు అక్కడే వదిలేసి పారిపోతారా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ లోపల చురుక్కుమంది. వాడు నవ్వించడానికి అనలేదు. వాళ్ళమ్మ చిన్నప్పటినుంచీ కొండ దిగి సంతకి వచ్చిన మనిషి. చీకటితో లేచి, బుట్ట నెత్తినపెట్టుకుని అంత దూరం నడిచొచ్చినావిడ తొండమొహం వాణ్ణి చూసి బుట్ట వదిలేసి పోదట. బుట్ట ఇంకొంచెం దగ్గరికి లాక్కుంటుందట. "అంతే అన్నయ్యా. తర్వాత వాడు ఏం కొంటాడా అని చూస్తుంది."

ఆ బుట్ట లాక్కోవడం నాకు ఎందుకు తోచలేదా అని అప్పటినుంచీ ఆలోచిస్తున్నాను. వింత జాతివాడు ఊళ్లోకొస్తే జనం ఏం చేస్తారన్నది నాలాంటి డీఎంలందరికీ వచ్చే ప్రశ్నే. మేం దానికి చెప్పే జవాబులు రెండే రెండు. ఒకటి, ఊరంతా ఒక్క మనిషై కాగడాలు పట్టుకుని వెంటపడుతుంది. రెండు, ఎవరూ అసలు పట్టించుకోరు, కొమ్ములున్నవాడొచ్చి సత్రంలో కూర్చుంటే ఏం తింటారని అడుగుతారు. మొదటిదాంట్లో ఊరికి బుర్ర లేదు. రెండోదాంట్లో ఊరికి కళ్ళు లేవు. బరంపురంలో పుట్టి, ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, టీవీలో హిందీ వింటూ పెరిగినవాణ్ణి. ఈ రెండింట్లో ఏ ఒక్కటీ నేను చూసిన ఊరు కాదు. అయినా ఆటలో కూర్చోగానే నా నోట్లోంచి కాగడాలే వచ్చాయి.

తప్పంతా నాదే అనను. పుస్తకాలు కూడా అలాగే నేర్పాయి. 2014లో వచ్చిన అయిదో ఎడిషన్ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో టీఫ్లింగ్ అని ఒక జాతి ఉంది. కొమ్ములు, తోక, వంశంలో ఎప్పుడో కలిసిన నరకపు రక్తం. వాళ్ళని చూస్తే జనం గుడ్లప్పగించి చూస్తారని, గుసగుసలాడతారని, వీధిలో తిట్లూ దెబ్బలూ తప్పవని మొదటి పేరాలోనే రాసేశారు. అదే పుస్తకం టీఫ్లింగునీ డ్రాగన్‌బార్న్‌నీ ఇంకొన్నిటినీ కలిపి అరుదైన జాతులంది. అంతకు ముందు, 1978 నాటి హ్యాండ్‌బుక్‌లో, ఇంకా సూటిగా ఒక పట్టికే వేశారు. అడ్డంగా జాతులు, నిలువుగా జాతులు, గళ్ళలో అక్షరాలు. గడ్డాల పొట్టివాడు డ్వార్ఫ్‌కి, మోటు ఓర్కుల రక్తం కలిసిన సగం ఓర్కు అంటే ద్వేషం. కోసుచెవుల ఎల్ఫ్‌కి డ్వార్ఫ్ అంటే గిట్టదు. ఎవరికి ఎవరంటే ఏమిటో గడి చూసి చెప్పేయొచ్చు. మా బావ ఆ పట్టిక చూసి, "ఇదేట్రా, మన పెళ్ళిళ్ళ పేరయ్య డైరీలా ఉంది" అన్నాడు.

దానికంటే నాకు బాగా నచ్చిన పట్టిక ఇంకోటుంది. 1981 నాటి బేసిక్ సెట్‌లోది. ఎదురుపడ్డ ప్రాణి మీతో ఎలా ఉంటుందో తేల్చడానికి మామూలు ఆరు ముఖాల పాచికలు రెండు వేస్తారు. రెండు పడితే వెంటనే మీద పడుతుంది. మూడు నుంచి అయిదు దాకా గుర్రుమంటుంది, మీద పడినా పడొచ్చు. తొమ్మిది నుంచి పదకొండు అయితే దాడి చెయ్యదు, వెళ్ళిపోతుంది లేదా మీరు చెప్పేది వింటుంది. పన్నెండు పడితే దోస్తీ. మధ్యలో ఆరు, ఏడు, ఎనిమిదికి ఒకటే మాట: ఎటూ తేల్చుకోలేదు. ఇప్పుడు లెక్కెయ్యండి. రెండు పాచికలకి 36 రకాల పడకలు. మీద పడేది అందులో ఒక్కటి, దోస్తీ ఒక్కటి, ఎటూ తేల్చుకోలేనివి 16. అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చేది తికమకే. ఇది రాక్షసుల కోసం రాసిన పట్టిక అని గుర్తుపెట్టుకోండి. చీకటి గుహలో ఎదురైన రాక్షసుడే సగానికి కాస్త తక్కువసార్లు "వీడెవడబ్బా" అని ఆగుతుంటే, పగటిపూట సంతలో కూరగాయలమ్మే మనిషిచేత నేను రాయి వేయించాను.

తికమకపడ్డ ఊరు ఏం చేస్తుంది? మా వైపు జవాబు అందరికీ తెలుసు. అడుగుతుంది. "ఏ ఊరు బాబూ మీది? ఎవరి తాలూకా?"

ఈ 'ఎవరి తాలూకా' అన్నది శ్రీకాకుళం నుంచి ఇటు మా దాకా వినబడే మాట. నువ్వెవరు అని కాదు దాని అర్థం. నువ్వెలా ఉన్నా సరే, నిన్ను ఎవరికి కట్టి గుర్తుపెట్టుకోవాలి అని. ఎవరింటికి వచ్చావు, ఎవరి చుట్టం, రేపు నువ్వు బాకీ ఎగ్గొడితే ఎవర్ని అడగాలి. మా తాతమ్మ దగ్గరికి కొమ్ములవాడు వచ్చినా, కొమ్ములు ఒకసారి చూసి, "ఎవరి తాలూకా నాయనా?" అనే ఉండేది. పలానా వాళ్ళింటికొచ్చాను అని వాడు అంటే ఆవిడకి సగం పని అయిపోయేది. ఎవరింటికీ కాదు అన్నాడో, అప్పుడు మొదలయ్యేది అసలు అనుమానం. కొమ్ముల్లేని మామూలు మనిషి మీదైనా అదే అనుమానం.

ఈ అడగడం ఎప్పుడూ మంచిదేనని నేననను. శ్రీకాకుళంలో మా పిన్ని వాళ్ళింటికి వెళ్తే, బట్టల కొట్లో నేను నోరు తెరవగానే "ఒడియావాళ్ళా?" అంటారు. భువనేశ్వర్లో నా ఒడియా విని "తెలుగా?" అంటారు. రెండుచోట్లా నవ్వుతూనే అడుగుతారు, రెండుచోట్లా బిల్లు సరిగానే వేస్తారు. కానీ అడుగుతారు. ఆటలో హాఫ్ ఎల్ఫ్ అని ఒక పాత్ర ఉండేది, అటు ఎల్ఫులకీ ఇటు మనుషులకీ పూర్తిగా చెందనివాడు. మా గుంపులో కొందరు మొదటి పాత్రకి అదే ఎంచుకున్నారు. ఎందుకని నేను అడగలేదు. 2024లో వచ్చిన కొత్త హ్యాండ్‌బుక్‌లో హాఫ్ ఎల్ఫునీ హాఫ్ ఓర్కునీ తీసేశారు, మా వాళ్ళు మాత్రం పాత పేజీలు నాచేత జెరాక్సు తీయించుకున్నారు.

అదే 2024 పుస్తకంలో 'రేస్' అన్న మాట కూడా మార్చి 'స్పీషీస్' చేశారు. అమెరికాలో ఆ మాట వెనక బోలెడు గొడవుంది కాబట్టి మార్చడం న్యాయమే. మా ఇబ్బంది వేరు. మా క్యారెక్టర్ షీట్లు నేనే తెలుగులో డీటీపీ చేశాను. పేరు, తరగతి, జాతి. మొదటిరోజు షీటు చేతికివ్వగానే ల్యాబు కుర్రాడు చూసి, "ఇక్కడ కూడానా?" అన్నాడు. తెలుగులో జాతి అంటే కాకిజాతీ అవుతుంది, తెలుగుజాతీ అవుతుంది. ఒడియాలో ఆ మాట వినగానే ముందు తోచేది కులం. పొద్దున్నుంచి రాత్రి దాకా నా కౌంటరు మీద ఆ గడి ఉన్న ఫారాలే తిరుగుతాయి. ఆధార్ రెండు వైపులా, కుల ధ్రువీకరణ పత్రం మూడు కాపీలు, ఫోటో మీద సంతకం. ఆదివారం సరదాకి ఆడే ఆటలో కూడా మొదటి గడి అదే అయ్యేసరికి వాడు నవ్వి, 'మనిషి' అని రాసిచ్చాడు. మేమంతా ఎల్ఫులూ డ్రాగన్లూ అయ్యాం. వాడొక్కడూ ఏడాది పాటు మనిషిగానే ఆడాడు.

ఇక అసలు విషయానికి వస్తాను. వింత ఆకారాలు వీధుల్లో తిరిగితే జనం ఎలా ఉంటారో ఊహించుకోవాల్సిన అవసరం బరంపురంవాడికి లేదు. రెండేళ్ళకోసారి చైత్రంలో బుఢీ ఠాకురాణీ యాత్ర జరుగుతుంది. మూడు వారాలకి పైగా. మొక్కుకున్నవాళ్ళు వేషాలు కడతారు. పులులు, దేవుళ్ళు, రాక్షసులు. రాత్రయ్యేసరికి సందుసందులోంచీ ఎవరో ఒకరు రంగు పూసుకుని బయటికొస్తారు. పెద్ద బజారు వైపు వెళ్తే మీ భుజానికి భుజం రాసుకుంటూ శివుడు వెళ్ళిపోతాడు, వెనకాల రాక్షసుడు సెల్‌ఫోన్లో మాట్లాడుకుంటూ వస్తాడు.

ఒక యాత్రలో నేను చూసింది చెప్తాను. రాత్రి పదిన్నర అయ్యుంటుంది. టీ బండి దగ్గర నిలబడ్డాను. పులి వచ్చింది. నిలువెత్తు మనిషి, నడుం పైన అంతా పసుపు రంగు, దానిమీద నల్లచారలు, రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు, కిరసనాయిలు వాసన. వెనక తీగకి గుడ్డ చుట్టిన తోక. తోకని ముంజేతి మీద వేసుకుని నడుస్తున్నాడు, మా అమ్మ తడి తువ్వాలు వేసుకున్నట్టు. గంటలతరబడి ఆడి ఆడి అలిసిపోయున్నాడు. టీ అడిగి బెంచీ మీద కూర్చోబోయాడు.

బండాయన పాలు కలుపుతూ తలెత్తకుండానే అరిచాడు. "ఏయ్, కూకోకు. బెంచీకి రంగంటుతాది. నిలబడి తాగు."

పులి నిలబడింది. గ్లాసు పెదాలకి తగలకుండా ఎత్తి పోసుకుంది, మూతి దగ్గర రంగు చెడిపోతుందని. బండాయన అప్పుడు చూశాడు దాన్ని. "ఏ వీధి?" పులి చెప్పింది. "ఇనప సామాన్ల కొట్టు పక్కిల్లా? మీ నాన్న టీ డబ్బులు ఇయ్యాలి. నెలయింది." పులి తల గోక్కుని, రేపు ఇస్తానంది.

పక్కనే ఒకావిడ చంకలో పిల్లాడు పులిని చూసి కెవ్వుమన్నాడు. రెండు నిమిషాలకి వాడే చెయ్యి చాపి తోక పట్టుకున్నాడు. వాళ్ళ నాయనమ్మ కాబోలు, పులికి దణ్ణం పెట్టింది, మొక్కు వేషం కదా. మోటారు సైకిలు మీద ఇద్దరు కుర్రాళ్ళు ఆగి ఫోటో తీసుకున్నారు. ఒక వీధికుక్క మాత్రం మొదటినుంచి చివరిదాకా మొరుగుతూనే ఉంది. మొత్తం జనంలో అది నిజం పులి అని నమ్మింది అదొక్కటే.

వేషం అని అందరికీ తెలుసు కాబట్టి ఇది లెక్కలోకి రాదంటారా? కొంతవరకు నిజం. నిజం పులి వస్తే బండాయన బెంచీ సంగతి మర్చిపోయేవాడే. కానీ ఆటలో డ్రాగన్‌బార్న్ కూడా నిజం పులి కాదు. మాట్లాడతాడు, సంచీలో డబ్బులున్నాయి, అలిసిపోయాడు, టీ అడిగాడు. అడిగిన మరుక్షణం వాడు గిరాకీ. ఆ ఒక్క బండి దగ్గరే ఆరు రకాల స్పందనలు చూశాను, దేనికదే ఆ మనిషి పనినిబట్టీ వయసునిబట్టీ వచ్చింది. నేను నా ఆటలో ఊరంతటికీ కలిపి ఒకే స్పందన ఇస్తున్నాను. అప్పటినుంచీ ఊళ్లో ఎవరి నోరు తెరిచినా ముందు ఒకటి అడుక్కుంటున్నాను: ఈవిడ బెంచీ ఏమిటి? దేనికి రంగంటుతుందని ఈవిడ భయం? సత్రం ఆయనకి పరుపులు. మంగలికి కత్తి మొద్దుబారుతుందని, పొలుసులు కదా. పూజారికి తోక ఎక్కడ తగులుతుందో అని. కూతురున్న తండ్రికి ఇంకోటి.

ఈ పద్ధతిలో నాకు కనబడ్డ పెద్ద లాభం, ఊళ్లో నవ్వు తిరిగొచ్చింది. బావ డ్రాగన్‌బార్న్ మంగలిషాపుకి వెళ్ళిన రోజు గంటసేపు అక్కడే ఆగిపోయాం. కథ ముందుకి జరగలేదు. జరగకపోతే పోయింది.

యాత్ర గురించి ఇంకో సంగతి, ఇది తెలియకపోతే బరంపురం అర్థంకాదు. ఠాకురాణీ పుట్టింటికి వచ్చినట్టు ఈ ఉత్సవం చేస్తారు. ఆ పుట్టిల్లు ఎవరిదీ? దేశీబెహెరాది. అంటే పట్టు నేసే దేరా వాళ్ళ పెద్దది. వీళ్ళు తెలుగువాళ్ళు, ఎప్పుడో మహురి రాజులు రాజమండ్రి వైపు నుంచి రప్పించుకున్న నేతగాళ్ళని చెప్పుకుంటారు. మగ్గాలతో, వేరే భాషతో, వేరే తిండితో వచ్చి దిగిన జనం. అలా వచ్చినవాళ్ళ గడప ఇవాళ ఊరి దేవతకి పుట్టిల్లు. ఒడియా ఊళ్లో, ఒడియా దేవతకి. ఏ డీఎం రాసినా ఇంత బాగా రాయలేడు. వింత జాతిని ఊరు ఎలా కలుపుకుంటుందని అడిగితే నేను దీన్నే చూపిస్తాను. అక్కడ ఎవరూ ఎవర్నీ కౌగిలించుకోలేదు, అందరం ఒకటే అని ఉపన్యాసాలూ ఇవ్వలేదు. ఊరికి లేని పనితనం ఒకటి వాళ్ళ చేతుల్లో ఉంది, ఊరు దాన్ని కట్టుకుంది, కొన్ని తరాలు గడిచేసరికి ఊరి పండగలో వాళ్ళు లేకపోతే జరగని పని ఒకటి తయారైంది. నా ఆటలో టీఫ్లింగులకి ఒక వీధి పెట్టాను. ఊరి గుడిలో అఖండదీపం వాళ్ళే వెలిగించాలి, నిప్పు వాళ్ళని కాల్చదు కాబట్టి. మిగతా ఏడాది వాళ్ళని గురించి గొణుక్కునే జనం కూడా ఆ రోజు వాళ్ళ గడప ముందు నిలబడాలి.

ఇక్కడ ఆపేస్తే నా ఊరిని నేనే ముద్దు చేసుకున్నట్టవుతుంది. ఆపలేను, ఎందుకంటే ల్యాబు కుర్రాడు ఊరుకోలేదు.

పులి కథ వాళ్ళకి చెప్పిన రోజు వాడు చాలాసేపు విన్నాడు. తర్వాత అన్నాడు. "టీ ఇస్తారు అన్నయ్యా. టీ ఎప్పుడూ ఇస్తారు. ఇల్లే ఇవ్వరు." వాడు ఈ ఊళ్లో గది కోసం మూడు నెలలు తిరిగాడు. ఫోన్లో బాగానే మాట్లాడేవారట. ఖాళీగా ఉంది, వచ్చి చూసుకో అనేవారట. వెళ్ళాక మంచినీళ్ళు కూడా ఇచ్చేవారట. ఇంటిపేరు చెప్పాక, ఏం తింటావు, ఏ ఊరు అని అడిగాక, "మా అబ్బాయి వస్తాడు, వాణ్ణడిగి చెప్తాం." ఒకాయన అడ్వాన్సు తీసుకుని మర్నాడు తిరిగిచ్చేశాడు. రాయి ఎవరూ వెయ్యలేదు. వేసుంటే పోలీసు కంప్లయింటైనా ఇచ్చేవాణ్ణి అన్నాడు, ఆ అబ్బాయి మీద ఏమని ఇవ్వను.

ఆ తర్వాత నాకు ఒక వీడియో గేమ్ గుర్తొచ్చింది. 2011లో వచ్చిన స్కైరిమ్. అందులో పిల్లిముఖం ఖజీత్ వర్తకులని నగరాల్లోకి రానివ్వరు, గోడల బయటే గుడారాలు వేసుకుని అమ్ముకోవాలి. విండ్‌హెల్మ్ నగరంలో బల్లిమనుషులు రేవు దగ్గరే ఉండాలి, లోపల ఇల్లు లేదు. ఆ ఆట తయారుచేసినవాళ్ళకి విషయం బాగానే తెలుసనుకున్నాను. వివక్ష కాగడాల్లో ఉండదు, అడ్రసులో ఉంటుంది. కానీ మీరు ఖజీత్‌గా ఆడితే? తిన్నగా దర్వాజాలోంచి లోపలికి వెళ్ళిపోవచ్చు. మీరు బల్లిమనిషిగా ఆడినా, కథలో కావలసిన పనులు చేస్తే, అదే విండ్‌హెల్మ్‌లో పెద్ద ఇల్లు కొనుక్కోవచ్చు. మీ జాతివాళ్ళు రేవులో బస్తాలు మోస్తుంటారు, మీరు మేడలో ఉంటారు, అదేమిటని అడిగేవాడుండడు. నాకు మొదట ఇది ప్రోగ్రామింగు బద్ధకం అనిపించింది. ల్యాబు కుర్రాడు మాత్రం, "అది కరెక్టే, డబ్బున్నవాడికీ హీరోకీ ఎక్కడైనా ఇల్లిస్తారు" అన్నాడు. ఈ విషయంలో మేమింకా ఒక మాట మీదకి రాలేదు.

2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 దీనికంటే మెరుగు. అందులో ఊరొదిలి వచ్చిన టీఫ్లింగు జనం ఒక వనంలో తలదాచుకుంటే, అక్కడి డ్రూయిడ్లు, అంటే అడవిని కొలిచే పూజారులు, వాళ్ళని బయటికి పంపేసి వనం మూసేసుకోవాలని చూస్తారు. బయట గోబ్లిన్లనే రాక్షస మూకలున్నాయి. అక్కడ కొమ్ములు సాకు మాత్రమే. చుట్టూ ప్రమాదం లేకపోతే అదే డ్రూయిడ్లు మరికొన్నాళ్ళు ఊరుకునేవారనిపిస్తుంది. అతిథి ఎన్నాళ్ళకి బరువవుతాడో తెలిసినవాళ్ళు రాశారు దాన్ని.

మా గుంపులో ఒడియా అమ్మాయి ఒకతి ఉంది, నర్సింగు చదువుతోంది. ఈ చర్చంతా విని ఒకరోజు గట్టిగానే అంది. "భాయ్, వారంలో ఆరు రోజులు నన్ను ఎవరో ఒకరు పైనుంచి కిందికి చూస్తారు. ఆదివారం కూడా మీ ఊరి ముసలాళ్ళచేత చూపించుకోవాలా? నా కొమ్ములు నాకు ముద్దు. నన్ను చూసి అందరూ అబ్బ ఎంత బావున్నాయో అంటే చాలు." నా దగ్గర దీనికి ఎదురు వాదన లేదు. ఆమె పాత్ర వెళ్ళినచోట జనం కొమ్ములు మెచ్చుకుంటారు, అది మా గుంపులో రూలు. ఒక్క ఊళ్లోనే ఒక కొమ్ములమ్మాయికి మెప్పు, ఇంకో కొమ్ములవాడికి 'అబ్బాయినడిగి చెప్తాం' ఎలా అని మా బావ సణిగాడు. ఎందుకు కాకూడదు? వాళ్ళిద్దరినీ ముందే అడిగాను, ఎవరికి ఎంత కావాలో వాళ్ళు చెప్పారు. నిజం ఊళ్లో ఆ ఎంపిక ఎవరిచ్చారు గనక.

సరిహద్దు గురించి కూడా ఒక మాట. కొరాపుట్ జిల్లాలో కోటియా పల్లెలున్నాయి. వాటిని ఆంధ్ర మావంటుంది, ఒడిశా మావంటుంది. అక్కడ చాలామంది దగ్గర రెండు రాష్ట్రాల కార్డులూ ఉంటాయి. అలాంటి ఊళ్లో జీపు దిగినవాడికి కొమ్ములున్నాయా తోకుందా అని ఎవరు చూస్తారు? వీడు ఏ సర్కారు తరఫున వచ్చాడు, ఏం రాసుకుపోతాడు, వీడి ముందు ఏ కార్డు తియ్యాలి? నా మ్యాపులో రెండు రాజ్యాల మధ్య అలాంటి పల్లె ఒకటి గీశాను. అక్కడి జనం డ్రాగన్‌బార్న్‌ని చూసి రెండు జెండాలు తీసుకొచ్చి, ఏది పైకెత్తాలో వాణ్ణే అడిగారు. బావ పది నిమిషాలు నవ్వాడు.

పర్లాకిమిడి సంగతి ఎత్తితే ఈ వ్యాసం తెమలదు గానీ, ఎత్తకుండా ఉండలేను. గిడుగు రామమూర్తి పంతులుగారు అక్కడ పాఠాలు చెప్పుకుంటూ సవరభాష నేర్చుకున్నారు. సవర పిల్లలకి బడులు పెట్టారు. 1931లో ఆ భాషకి మాన్యువల్, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. వ్యావహారిక భాష గొడవకి ఆయన్ని అందరూ తలుచుకుంటారు, నాకు ఆయన ఈ పని ఇంకా పెద్దదిగా కనబడుతుంది. ఊరంతా "వీళ్ళెవరు" దగ్గర ఆగిపోయినప్పుడు, "వీళ్ళు దీన్ని ఏమంటారు" అని అడిగిన ఊరిమనిషి ఆయన. అలాంటివాడు ఏ ఊళ్లోనైనా ఒకడుంటాడు, నా ఆటల్లో ఒక్కడూ లేడని ఆలస్యంగా తెలిసింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు చేరినప్పుడు ఆయన ఆ ఊరొదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయనకీ సరిహద్దు గీత అడ్డొచ్చింది. ఇది చెప్తుంటే ల్యాబు కుర్రాడు, మంగేయ్ గొమాంగో సవరకి సొంత లిపి సొరాంగ్ సొంపెంగ్ తయారుచేసింది కూడా 1936లోనే అన్నాడు. "ఆ ఏడు మీకు గీతొచ్చింది, మాకు అక్షరాలొచ్చాయి." వాడికి ఆ లిపి వచ్చు. క్యారెక్టర్ షీటు వెనక తన పేరు అందులోనే రాసుకుంటాడు.

నెల క్రితం వాడు మనిషి పాత్ర వదిలేశాడు. టీఫ్లింగు కట్టాడు. వైద్యం తెలిసినవాడు, వానాకాలం నాలుగు నెలలు ఉండడానికి ఊళ్లో గది కావాలి. షీటు మీద బొమ్మ వాడే గీసుకున్నాడు, వెనక్కి తిరిగిన కొమ్ములు, చెవులకి పోగులు. "నాకు పూర్తిగా పెట్టన్నయ్యా, మెప్పులేం వద్దు" అన్నాడు. సరేనన్నాను.

గది ఉన్న ముసలమ్మని నేనే. ఆ 1981 పట్టిక తీసి రెండు పాచికలు వేశాను. మూడు, నాలుగు. ఏడు.

నేను గొంతు మార్చాను. "గది ఉంది నాయనా. చూడు, కిటికీ కూడా ఉంది. మంచినీళ్ళు తాగుతావా? మా అబ్బాయి పట్నం వెళ్ళాడు. వాడొచ్చాక చెప్తాను."

ఎవరూ నవ్వలేదు. వాడు పెన్సిలు తీసి షీటు మీద ఏదో రాసుకున్నాడు. "ఎప్పుడొస్తాడు?"

"రెండు మూడు రోజుల్లో."

"మూడో రోజు మళ్ళీ వెళ్తాను."

"నేనూ వస్తాను," అంది నర్సింగు అమ్మాయి. "ఆవిడ మోకాళ్ళు చూడు, నొప్పులున్నట్టున్నాయి. మందు తీసుకెళ్దాం."

"నేను వీధి చివరే ఆగుతాను," అన్నాడు బావ. "నన్ను చూస్తే గడియ పెట్టేసుకుంటుంది."

అప్పుడే సగం దించిన షట్టరు కిందనుంచి ఒక పెద్దాయన వంగి తల లోపలికి పెట్టాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు. "జెరాక్సు ఉందా బాబూ? ఆధార్. రెండు వైపులా, రెండు కాపీలు." ఆదివారం అని చెప్పబోయి ఊరుకుని మెషీను ఆన్ చేశాను. వేడెక్కేదాకా ఆయన కౌంటరు మీదవన్నీ చూస్తూ నిలబడ్డాడు. మ్యాపు, పాచికలు, బజ్జీల పొట్లం. కొమ్ముల బొమ్మ దగ్గర చూపు ఆగింది.

"ఎవరిదిది?"

"నాదే," అన్నాడు ల్యాబు కుర్రాడు.

ఆయన బొమ్మని ఒకసారి, వాణ్ణి ఒకసారి చూశాడు. కాపీలు తీసుకుని మడతపెట్టి కవర్లో పెట్టుకున్నాడు. చిల్లర వెతుక్కుంటూ, "ఏ ఊరు బాబూ మీది?" అన్నాడు.